ఏడ్చే మగవాడు

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని మనవాళ్ళు సామెత చెప్పిపెట్టారు. ఈ సామెత కట్టిన పెద్దమనిషి ఎవరోగాని, ఆయనకు నవ్వే భార్యా లేదు, ఏడ్చే తమ్ముడూ లేడని నా అనుమానం. మొదటి సగం సంగతి మనం ఆడవాళ్ళం ఎప్పుడైనా తీరిగ్గా తేల్చుకోవచ్చు. రెండో సగానికి మాత్రం నా దగ్గర సాక్ష్యం వుంది. దాదాపు రెండేళ్ళపాటు, బుధవారం మధ్యాహ్నాలు, లక్సెట్టిపేటలో మేం పది పన్నెండుమంది ఆడవాళ్ళం చాపలమీద కూర్చుని ఒక ఏడ్చే మగవాడి పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాం.

ఆయన పేరు యిర్మీయా. బైబిలు పాత నిబంధనలోని ప్రవక్త. ప్రవక్త అంటే చెయ్యి చూసి జాతకం చెప్పేవాడనుకునేరు, కాదు. దేవుడు చెప్పమన్న మాట చెప్పేవాడు. అదీ సామాన్యంగా వినేవాళ్ళకు గిట్టని మాట. యెరూషలేముకు గంట నడక దూరంలో అనాతోతు అనే పల్లెలో అర్చకుల ఇంట పుట్టాడు. క్రీస్తుకు పూర్వం 627 ప్రాంతంలో ఆయనకు పిలుపు వచ్చింది. చిన్నవాణ్ణనీ, మాట్లాడటం చేతకాదనీ తప్పించుకోబోయాడు గాని కుదరలేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు మాట్లాడుతూనే వున్నాడు. ఉత్తరం నుంచి బబులోను రాజు వస్తాడు, ఊరు పడిపోతుంది, మీ నడత మార్చుకోండి అని. అన్నందుకు కొట్టారు, బొండలో బిగించారు, బురదగోతిలో దింపారు. క్రీస్తుపూర్వం 587 ప్రాంతంలో ఊరు నిజంగానే పడింది. "నేను ముందే చెప్పలేదూ?" అనటం మన ఇళ్ళల్లో మగవాళ్ళకు ఎంత ఇష్టమో మీకు తెలుసు. తన మాట నిజమైనందుకు ఏడ్చిన మగవాడు నాకు తెలిసినంతలో ఈయనొక్కడే. ఇంగ్లీషువాళ్ళు ఎడతెగని గోడు వెళ్ళబోసుకోవటానికి ఈయన పేరుమీదే ఒక మాట పుట్టించారు గాని, అది అన్యాయం. ఆయన ఏడుపు తక్కువ, పని ఎక్కువ. ఆ సంగతి నాకు చెప్పింది మా అవ్వ.

అవ్వ దగ్గరికి వస్తాను. ముందు ఊరి మాట రెండు ముక్కలు.

లక్సెట్టిపేట గోదావరి ఒడ్డున వుంది. పాత ఆదిలాబాదు జిల్లాలో తాలూకా కేంద్రం. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. నేను ఈ ఊరి కోడల్ని. కృష్ణా జిల్లానుంచి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను కనుక ఊరికంతా టీచరమ్మని. నిజాము రాజ్యంలో వెస్లియన్ మిషనువాళ్ళు పనిచేసిన రోజుల్లో బైబిలు స్త్రీలని వుండేవారు. చేతిలో పుస్తకం పట్టుకుని పల్లెలు తిరుగుతూ ఆడవాళ్ళ మధ్య కూర్చుని కథలు చెప్పేవారు, అక్షరాలు నేర్పేవారు. మెదకులో 1924లో ఆ పెద్ద చర్చి ప్రతిష్ఠ అయింది. 1947లో ఆ సంఘాలన్నీ దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. ఆ బైబిలు స్త్రీల పరంపరే మా బుధవారం కూటం. రిజిస్టరులో స్త్రీల మైత్రి అని గౌరవంగా రాసుకుంటాం. నోటితో మాత్రం "ఆడోళ్ళ మీటింగు".

యిర్మీయాను చదువుదామన్నది పాస్టరమ్మ. ఆమె లెక్క సులభం. పుస్తకంలో 52 అధ్యాయాలు, ఏడాదికి 52 వారాలు, వారానికొకటి. ఆమె పట్నంలో పుట్టిన మనిషి. నాట్లు, కలుపులు, పత్తి ఏరటం, పెళ్ళిళ్ళు, పెద్దకర్మలు ఆ లెక్కలోకి రాలేదు. పత్తి పగిలిన రెండు నెలలూ చాపమీద నేనూ పాస్టరమ్మా ఇద్దరమే ఎదురెదురుగా కూర్చున్న బుధవారాలున్నాయి.

పద్ధతి ఏమిటంటే, నేను చదువుతాను. తెలుగులో బైబిలు మొత్తం 1854లో అచ్చయింది. తర్వాత ఎన్ని సవరణలు జరిగినా మేం చదివేది ఆ వరసలోదే, గ్రాంథికం గంభీరంగా నడుస్తుంది. నేను చదివి ఆపగానే ఎవరో ఒకరు దాన్ని లక్సెట్టిపేట తెలుగులోకి దించాలి. కూర్చున్నవాళ్ళలో సగంమందికి అక్షరం రాదు. వినికిడి మాత్రం అద్భుతం. నేను ఒక పేరు తప్పు పలికితే గత నెలలో ఎలా పలికానో చెప్పి దిద్దేవారు.

మొదలుపెట్టింది 2022 వానాకాలం. ఆ జూలైలో మాకేమైందో పేపర్లలో చదివే వుంటారు. ఎగువన కడెం ప్రాజెక్టుకు ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఎత్తగలిగిన గేట్లు ఎత్తినా దిగువకు పోగలిగింది అంతకంటే చాలా తక్కువే. 1958లో అదే కడెం ఒకసారి తెగింది. ఆ కథ విన్నవాళ్ళు ఇంకా వున్నారు కనుక ఆ రాత్రి కాలవ కింది ఊళ్ళల్లో ఎవరూ నిద్రపోలేదు. ప్రాజెక్టు నిలిచింది. మంచిర్యాలలో మాత్రం కాలనీలకు కాలనీలు నీళ్ళపాలయ్యాయి. ఇదంతా అయిన కొద్దిరోజులకు మొదటి అధ్యాయం చదివాం. అందులో ప్రవక్తకు ఒక దర్శనం. ఉత్తరం దిక్కునుంచి ఇటు ఒరిగి మసులుతున్న కుండ. పాస్టరమ్మ ఆ కుండ బబులోను సైన్యమని వివరించబోతోంది.

"మాకెందుకు తెల్వదమ్మా," అంది వెనకనుంచి ఒక గొంతు. "కడెం గదా!"

అందరూ నవ్వారు. పాస్టరమ్మ కూడా నవ్వింది. ఆ గొంతే అవ్వ.

అవ్వకు డెబ్బై దాటి వుంటాయి. ఆమె ఊరు ఇప్పుడు లేదు. 2004లో ఎల్లంపల్లి ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అరవై రెండు గేట్లు, ఇరవై టి.యం.సి.ల నీళ్ళు. కర్ణమామిడి, పడ్తనపల్లి వంటి ఊళ్ళు ఆ నీళ్ళకోసం లేచిపోయాయి. అవ్వవాళ్ళదీ అలాంటి ఊరే. ఆ ఊళ్ళో ఆమెకు రెండెకరాల పొలం. రెండెకరాలంటే మీకు చిన్నగా కనిపించవచ్చు. ఆమె మామగారు దొరల ఇంట వెట్టి చేసినవాడు. ఆ ఇంట్లో పట్టా పుస్తకంమీద పేరెక్కటం అదే మొదలు, అదే చివర. నష్టపరిహారం వచ్చింది, ఖర్చయింది, పునరావాస కాలనీలో ఇల్లు కట్టారు. ఇంటి ముందు నాలుగు గజాల ఖాళీ జాగా వుంది. వెళ్ళి ఇన్నేళ్ళయినా అవ్వ అక్కడ ఒక్క కరివేపాకు మొక్క పెట్టలేదు. కోడలు పెట్టబోతే పీకేసింది. "మనది గాని జాగల మనం జెట్టు పెడ్తమా?" అంటుంది. కాలనీ జాగా ఆమె పేరుమీదే వుంది, ఆ మాట వేరు.

అవ్వకు ఇంకో ప్రఖ్యాతి వుంది. చావింట్లో శోకం తీయటంలో ఆమెను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. చనిపోయినవాళ్ళు పెట్టిన అన్నం, చేసిన అప్పు, చెప్పిన చాడీ, చూసిన పెళ్ళిళ్ళు అన్నీ రాగంలో కలిపి ఏడుస్తుంది. ఏడవనని ఒట్టుపెట్టుకుని వచ్చినవాళ్ళ చేత కూడా ఏడిపిస్తుంది. పాస్టరమ్మకు ఇది ఇష్టముండదు. నమ్మకం వున్నవాళ్ళు అలా ఏడవకూడదని రెండుమూడుసార్లు నెమ్మదిగా చెప్పి చూసింది. తొమ్మిదో అధ్యాయంలో ఏమయిందంటే, దేవుడే స్వయంగా, శోకం నేర్చిన ఆడవాళ్ళను పిలిపించండి, వాళ్ళు త్వరగా వచ్చి మన కళ్ళు తడపాలి అన్నట్టు మాట్లాడతాడు. పైగా ఆ విద్య కూతుళ్ళకూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళకూ నేర్పమంటాడు. నేను చదివి తలెత్తాను. అవ్వ ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని పాస్టరమ్మ వంక చూసింది, అంతే. ఆ తర్వాత శోకాల ప్రసక్తి మా కూటంలో రాలేదు.

కుమ్మరి సారె దగ్గర ప్రవక్త నిలబడిన అధ్యాయం, ఆ వెంటనే కాల్చిన కూజా పగలగొట్టిన అధ్యాయం త్వరగా జరిగిపోయాయి. పచ్చిమట్టి అయితే చెడినా మళ్ళీ పిసికి చేయొచ్చు, కాల్చినది పగిలితే అతకదు. ఈ తేడా ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేకుండా మావాళ్ళకు తెలుసు. నీళ్ళు మోసిన చేతులు గదా.

తగువంతా ఇరవై తొమ్మిదో అధ్యాయం దగ్గర వచ్చింది.

సందర్భం ఇది. యెరూషలేము పూర్తిగా పడకముందే, క్రీస్తుపూర్వం 597లో, బబులోను రాజు ఒక విడత జనాన్ని చెరపట్టి తీసుకుపోయాడు. రాజకుటుంబం, పనివాళ్ళు, చేతివృత్తులవాళ్ళు. ఊళ్ళో మిగిలినవాళ్ళకు హనన్యా అనే మరో ప్రవక్త తియ్యగా చెబుతున్నాడు, రెండేళ్ళలో అందరూ తిరిగి వచ్చేస్తారని. యిర్మీయా మాత్రం పోయినవాళ్ళకు ఒక ఉత్తరం రాశాడు. రెండేళ్ళు కాదు, డెబ్బై ఏళ్ళు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి కాయలు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని పట్టుకుపోయిన ఆ ఊరి క్షేమంకోసమే ప్రార్థన చేయండి అని.

మా గుంపులో ఒక చెల్లెలుంది. భర్త గల్ఫులో. మా వైపు మస్కటు పోయినా, కువైటు పోయినా, ఖతరు పోయినా "దుబాయి పోయిండు" అనే అంటారు. కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు పల్లెలనుంచి 1970ల నాటినుంచీ పోతూనే వున్నారు. ఈమె పెనిమిటి పోయి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళకొకసారి వస్తాడు, రెండు నెలలుంటాడు, ఈ రెండేళ్ళే ఆఖరు అంటాడు, వెళతాడు. ఇంటికి పునాది వేసి గోడలు లేపారు. స్లాబు మాత్రం ఆయన వచ్చాకే వేయాలని ఆపారు. గోడల మధ్య తుమ్మ మొలిచింది.

హనన్యా మాట వినగానే ఆమె పక్కున నవ్వింది.

"రెండేండ్లల్ల వస్తరన్నడా? అయితే మా ఇంటాయన గూడ హనన్యానే!"

నవ్వి, నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అది నవ్వు కాదని మాకు తెలిసింది. పక్కనున్న వదినె ఆమె వీపుమీద చెయ్యి వేసింది. కొంచెం తేరుకున్నాక అడిగింది, "గీ ఉత్తరం పోయినోళ్ళకు రాసిండు. సరే. ఎనక ఉన్నోళ్ళకేం రాసిండు టీచరమ్మా?"

నేను పేజీలు తిప్పాను. పాస్టరమ్మ చెప్పింది, "రాయలేదమ్మా. ఆయన వాళ్ళ దగ్గరే వుండిపోయాడు."

ఆ మాట అందరికీ నచ్చింది. నిజమే, ఊరు పడ్డాక బబులోను సేనాని ఆయన్ని, వస్తే మంచిగా చూసుకుంటానని పిలిచాడు. ఆయన వెళ్ళలేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

అవ్వకు మాత్రం నచ్చలేదు. ఉత్తరమే నచ్చలేదు. మా తెలుగు బైబిల్లో 'చెర' అని వున్నచోటల్లా ఆమె చెవికి 'ముంపు' అనే వినిపిస్తుందని నాకు అప్పటికే అర్థమైంది.

"మునిగినోళ్ళు ముంచినోళ్ళకోసం ప్రార్థన జెయ్యాల్నా?" అంది.

ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు తెలిసిన ఒక విషయం నోటిదాకా వచ్చి ఆగింది. ఎల్లంపల్లి నీళ్ళు 2015 నుంచి పైపుల్లో హైదరాబాదు పోతున్నాయి, తాగటానికి. అవ్వ మనవడు హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తున్నాడు. చెప్పాలా వద్దా అని నేను తూచుకుంటుండగానే అవ్వే అనేసింది.

"మా పోరడు పట్నంల తాగేటియి మా పొలంమీది నీళ్ళేనట. వాడే జెప్పిండు. నల్ల తిప్పినప్పుడల్ల నువ్వు యాదికొస్తవే నాయనమ్మా అన్నడు. గా నీళ్ళు పాడుగావాల్నని నేనెట్ల కోరుకుంట?"

కొంచెం ఆగి, "గని చెట్టయితే పెట్ట," అంది.

పాస్టరమ్మ తెలివైన మనిషి. అక్కడ వ్యాఖ్యానం చేయలేదు. అన్నట్టు, ఆ అధ్యాయంలోని పదకొండో వచనం మా ఇళ్ళల్లో చాలామంది గోడలమీద వుంటుంది, కొత్త సంవత్సరం క్యాలెండర్లమీద. మంచిరోజులు ముందున్నాయని దేవుడు భరోసా ఇచ్చే వచనం. దాని పైన పదో వచనంలో డెబ్బై ఏళ్ళ లెక్క వుంది. క్యాలెండర్లవాళ్ళు దాన్ని అచ్చు వేయరు. వేస్తే ఎవరు కొంటారు?

ఇక ముప్ఫై రెండో అధ్యాయం. ఇది చదివేసరికి ఏడాది గడిచింది, మళ్ళీ నాట్లు అయిపోయాయి. శత్రువు ఊరిచుట్టూ ముట్టడి వేశాడు. యిర్మీయాను రాజుగారి కారాగారపు ముంగిట్లో బంధించారు. అప్పుడు చిన్నాన్న కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం వుంది, నువ్వు కొను అన్నాడు. చదవటం ఆపాను.

"శత్రువుల చేతుల వడ్డ పొలమా?" అంది ఒకామె.

"ఆఁ. అదే."

"గట్టోడే!" అంది దుబాయి చెల్లెలు. చాపలన్నీ ఘొల్లుమన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఒక హనమేలు వున్నాడని అర్థమైంది. పైగా ఆ అనాతోతువాళ్ళే ఒకప్పుడు ఈయన్ని చంపాలని చూసిన సంగతి మావాళ్ళెవరూ మరచిపోలేదు.

యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాయించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. పత్రాలు రెండు. ఒకటి ముద్ర వేసి మూసినది, ఒకటి తెరిచి వున్నది. రెండూ మట్టికుండలో పెట్టించాడు, చాలాకాలం చెడకుండా వుండాలని. ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళూ పొలాలూ కొనే రోజు వస్తుందని దేవుడు చెప్పాడు కనుక. కుండలో కాగితం ఏం నిలుస్తుందంటారా? 1947లో మృతసముద్రం పక్క గుహలో దొరికిన పాతచుట్టలు రెండువేల ఏళ్ళు కుండల్లోనే నిలిచాయి. ఆ చుట్టుపక్కల గుహల్లో తర్వాత దొరికినవాటిలో ఈ యిర్మీయా పుస్తకపు ముక్కలూ వున్నాయి. ఈ మాట చెప్పినప్పుడు అందరూ బాగానే విన్నారు గాని, అవ్వ వేరే ఏదో లెక్క వేస్తోంది.

"టీచరమ్మా, గీనెకు పెండ్లి గాలేదని గదా మొన్న సదివినవు?"

అవును. పదహారో అధ్యాయంలో వుంది. పెళ్ళి వద్దని, పిల్లలు వద్దని ఆయనకు ఆజ్ఞ.

"మల్ల ఎవలికోసం కొన్నడు?"

నేను బైబిలు బడిలో చదివాను. యిర్మీయా పొలంమీద ప్రసంగాలు చాలా విన్నాను. నమ్మకం గురించి చెబుతారు, ఆశ గురించి చెబుతారు, బాగానే చెబుతారు. పొలం ఎవరికి పోతుందని అడిగినవాళ్ళు నాకు తటస్థపడలేదు. పెళ్ళాం పిల్లలు లేనివాడు, ఖైదులో వున్నవాడు, ఊరు కూలుతుందని తానే చెప్పినవాడు, తాను ఎన్నడూ దున్నబోని పొలానికి వెండి తూచి ఇచ్చాడు. అవ్వ ఆ తర్వాత రెండు వారాలు మీటింగుకు రాలేదు. కాలు నొప్పి అని కబురు పంపింది.

ముప్ఫై ఆరో అధ్యాయంలో నా పని గురించి వుంది కనుక అది నాకు ప్రీతి. యిర్మీయా చెబితే బారూకు అనే లేఖకుడు చుట్టమీద రాశాడు. జనానికి చదివి వినిపించాడు. చలికాలం. రాజు యెహోయాకీము ముందు నిప్పుల కుంపటి. చదివినంత మేరా చాకుతో కోసి కుంపట్లో వేశాడు. గెమర్యా అనే ఆయనా మరిద్దరూ కాల్చవద్దని బతిమాలారు. వినలేదు. యిర్మీయా అదంతా మళ్ళీ చెప్పాడు, బారూకు మళ్ళీ రాశాడు, ఇంకొంచెం కలిపి. 1982లో యెరూషలేములో తవ్వినప్పుడు కాలిపోయిన ఇంట్లో యాభైకి పైగా మట్టిముద్రలు దొరికాయి. కాగితాలకు కట్టిన దారంమీద పచ్చిమట్టి ముద్ద అంటించి ముద్ర గుద్దేవారట. ఊరు తగలబడ్డప్పుడు కాగితాలు బూడిదయ్యాయి, మట్టి మాత్రం కాలి గట్టిపడి నిలిచింది. అందులో ఒకదానిమీద షాఫాను కొడుకు గెమర్యా పేరుంది. కాల్చవద్దన్న మనిషి పేరు మంటలోనే నిలిచింది చూడండి.

నలభై నాలుగో అధ్యాయంలో ఆడవాళ్ళు ప్రవక్తకు ఎదురు జవాబు చెబుతారు. ఆకాశరాణికి రొట్టెలు చేసి పెడుతున్నారని ఆయన తిడితే, మా మొగుళ్ళకు తెలియకుండా చేశామా అంటారు. చదువుతుంటే మావాళ్ళంతా తలలు వంచుకుని నవ్వుకున్నారు. పాస్టరమ్మ, ఇది పాపం సంగతి, నవ్వకూడదు అంది, తానూ నవ్వుతూనే.

అయితే మొత్తం 52 అధ్యాయాల్లో నాకు ఎక్కువ నచ్చినది పాతగుడ్డల మూట. ముప్ఫై ఎనిమిదో అధ్యాయం. యిర్మీయాను తాళ్ళతో గోతిలోకి దింపారు. అడుగున నీళ్ళు లేవు, బురద, అందులో దిగబడిపోయాడు. రాజుగారి కొలువులో ఎబెద్మెలెకు అనే కూషు దేశస్థుడున్నాడు. ఐగుప్తుకు దక్షిణాన, ఆఫ్రికానుంచి వచ్చిన పరాయివాడు. అతను రాజును అడిగి, మనుషుల్ని తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు ఖజానా కింద గదికి వెళ్ళి చిరిగిన పాతబట్టలు ఏరుకున్నాడు. గోతిలోకి తాళ్ళతోపాటు అవీ దించి, ఇవి చంకల్లో పెట్టుకుని అప్పుడు తాళ్ళు వేసుకోమన్నాడు. ఒరుసుకోకుండా వుండాలని.

గోతి గురించి నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. పాతగుడ్డల గురించి ఒక్కటీ వినలేదు. మా చాపలమీద మాత్రం అదే మాట.

"మొగోనికి గా పాతబట్టల ముచ్చట యాదికొచ్చిందా!"

"మంది పానం దీస్తందుకు ఉరుకుతుంటే, గీనె గుడ్డలేరుకుంటున్నడు సూడు."

"ఎవలింట్ల పని జేసిండో. మంచాన వడ్డోళ్ళను లేపినోనికే గా సంగతి తెలుస్తది."

ఆ చివరి మాట అన్నది అవ్వ. భర్త పక్షవాతంతో పడుకుంటే ఏడేళ్ళు లేపింది ఆమె. కాలునొప్పి తగ్గి మళ్ళీ వస్తోంది.

ఆఖరి అధ్యాయం 2024 వేసవిలో చదివాం. చెరపట్టుకుపోయిన యూదా రాజు యెహోయాకీనును ముప్ఫై ఏడేళ్ళ తర్వాత బబులోనులో ఖైదునుంచి విడిచి, మంచి బట్టలిచ్చి, బతికినన్నాళ్ళూ రోజువారీ బత్తెం ఏర్పాటు చేశారు. ఈ యెహోయాకీను కుంపటి రాజు యెహోయాకీము కొడుకు. ఒక్క అక్షరం తేడాతో నన్ను రెండేళ్ళు సతాయించారు తండ్రీకొడుకులు. బబులోను శిథిలాలు ఇప్పటి ఇరాకులో, బాగ్దాదుకు దక్షిణంగా వున్నాయి. 1899 నుంచి 1917 దాకా జర్మన్లు అక్కడ తవ్వితే మట్టిపలకలు దొరికాయి. కొలువునుంచి ఎవరికి ఎంత నూనె ఇచ్చారో లెక్కలు. అందులో ఈ రాజు పేరుంది, ఆయన ఐదుగురు కొడుకుల వాటా వుంది.

"అంటె రేషను కార్డు," అంది దుబాయి చెల్లెలు. "రాజయినా రేషను కార్డే."

ఆమె ఇంటికి స్లాబు పడింది, చెప్పటం మరిచాను. భర్త లేకుండానే వేయించింది. ఫోన్లో మేస్త్రీతో ఆయన చేత మాట్లాడించింది గాని, సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్నది ఆమే.

పుస్తకం అయిపోయిన మరుసటి బుధవారం ఇక ఏం చదవాలా అని కూర్చున్నాం. అవ్వ ఆలస్యంగా వచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు. అందులో పాత పట్టా పాసుపుస్తకం, అంచులు నలిగి, లోపల ఆమె భర్త ఫోటో అతికి. జిరాక్సు తీయించటానికి నన్ను వెంట రమ్మంది. ఇప్పుడేం అవసరమొచ్చింది అవ్వా అంటే చెప్పలేదు. బస్టాండు ఎదురుగా దుకాణానికి వెళ్ళాం. ఆ పిల్లవాడు తిరగేసి చూసి, ఊరి పేరు చదివి, "అవ్వా, గీ ఊరు నీళ్ళల్ల వోయింది గదా! గిప్పుడు దీంతోని ఏం పని?" అన్నాడు.

"నువ్వు కొట్టు బిడ్డా. రెండు కొట్టు."

తిరిగి వచ్చాక ఒక కాపీ మడిచి, మూత పగిలిన ఊరగాయ జాడీ కోడలు పారేయబోతే ఆపిందట, దాంట్లో పెడతానంది. రెండోది పట్నంలో మనవడికి పంపమని నాకు ఇవ్వబోయి, మళ్ళీ ఆగి, రెండింటినీ చాపమీద బోర్లా పరిచింది.

"సాచ్చం సంతకాలు పెట్టుండ్రి," అంది.

పాస్టరమ్మ నా వంక చూసింది. నా పెన్నే తీసుకుని ముందు ఆమె పెట్టింది. తర్వాత నేను. రాయటం రానివాళ్ళకోసం దుబాయి చెల్లెలు పక్కింటికి వెళ్ళి స్టాంపు ప్యాడు పట్టుకొచ్చింది.